‘ఓ’ అనే ఊరు

ఉత్తర నార్వేలో ఆర్కిటిక్ వలయానికి పైన లోఫోటెన్ దీవులు నైరుతి దిక్కుగా సముద్రంలోకి సాగిపోతాయి. వంతెనలు, సొరంగాలు దాటుకుంటూ ఆ దీవుల మీదుగా వచ్చే ఇ-10 రహదారి మోస్కెనెస్ దీవిలో ఒక చిన్న సొరంగం దాటగానే కార్లు నిలుపుకునే స్థలం దగ్గర ఆగిపోతుంది. అక్కడితో రోడ్డు సరి. ఆ పైన నిట్రమైన కొండలు, ఒక సరస్సు, చుట్టూ సముద్రం. రోడ్డు ఆగిన చోట ఉన్న ఊరి పేరు ఒకే ఒక్క అక్షరం. రోమన్ లిపిలో పెద్ద ‘ఎ’ రాసి దాని నెత్తిన చిన్న సున్నా పెడితే పేరు పూర్తయింది. పలికేది అచ్చంగా మన ‘ఓ’ లాగే. నార్వేలో ఇదే పేరుతో ఇంకా కొన్ని ఊళ్లున్నాయి కాబట్టి దీన్ని ‘లోఫోటెన్‌లోని ఓ’ అని విడమరిచి చెబుతారు.

వంద మందికి అటూ ఇటూగా ఉండే పల్లె ఇది. ప్రపంచంలో అతి పొట్టి పేరున్న ఊళ్లను ఎవరు లెక్కపెట్టినా అందులో దీనికి చోటుంటుంది. ఆ ముచ్చటకే వచ్చేవాళ్లు చాలామంది. అయితే పొట్టిదని నవ్వుకుని వదిలేస్తే అసలు విషయం చేజారిపోతుంది. అది ఎవరో సరదాకి పెట్టిన గుర్తు కాదు, నిండైన మాట. దాని అర్థం ఏరు. ఊరిని ఆనుకునే సరస్సు ఉంది. దానికీ సముద్రానికీ మధ్య దూరం బహు తక్కువ. పడవలు దిగి ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ముందు కావలసింది మంచినీళ్లు. అవి పారే చోటు పేరే ఊరి పేరైంది. 1567 నాటి రాతల్లోనే ఈ పేరు కనిపిస్తుంది, అప్పటి పద్ధతిలో రెండు ‘ఎ’లు పక్కపక్కన రాసి.

మనం వాగు, ఏరు, నది అని వేరుచేసినట్టే నార్వేవాళ్లూ చేస్తారు. వాగు వాళ్లకు ‘బెక్’, నది ‘ఎల్వ్’, ఆ రెంటికీ నడుమది ‘ఓ’. నదులకు సొంత పేర్లుంటాయి, వాటి మీద పాటలుంటాయి, దేశపటాల్లో నీలిగీతలుంటాయి. ఏటికి అవేమీ అక్కర్లేదు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ఏరైతే దాన్ని ఏరు అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. యూరప్ ఉత్తరభాగమంతటా ఈ చిన్న మాట ఇన్ని చోట్ల పేరుగా నిలిచిపోవడానికి నాకు తోచిన కారణం అదే. జనం రోజూ బిందె ముంచే నీళ్లకు ఎవరూ గొప్ప పేర్లు పెట్టరు.

అరిగి అరిగి ఒక్క అచ్చు

ఈ మాట మొదట ఇంత చిన్నది కాదు. జర్మన్, ఇంగ్లీషు, డచ్, స్కాండినేవియా భాషలన్నిటికీ తల్లి అయిన మూల జర్మానిక్‌లో దీని రూపం ‘అహ్వో’ అని భాషావేత్తలు తేల్చారు. ఆ భాషలో రాసినవి మనకు దొరకలేదు, పిల్ల భాషలను పోల్చి తల్లి రూపాన్ని కట్టుకొచ్చారు. దానికి దగ్గరగా రాతలో దొరికేది గోథిక్ భాష. 4వ శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషప్ చేసినట్టుగా చెప్పే గోథిక్ బైబిలు అనువాదంలో జోర్డాన్ నదిని ‘అహ్వ’ అనే అన్నారు.

తర్వాత నలుగురి నోళ్లలో నాని నాని హకారం అరిగింది, వకారం అరిగింది. వైకింగుల కాలపు ప్రాచీన నార్స్ భాషకు వచ్చేసరికి దీర్ఘమైన ‘ఆ’ ఒక్కటే మిగిలింది. ఆ ‘ఆ’ కూడా అన్ని చోట్లా ఒకలా నిలవలేదు. నార్వే, స్వీడన్, డెన్మార్కుల్లో పెదవులు గుండ్రబడి ‘ఓ’ వైపు జరిగింది. ఐస్‌లాండులో ఆ అక్షరాన్ని నేటికీ పాత పద్ధతిలో, ‘ఎ’ మీద వాలుగీత పెట్టి రాస్తారు గాని, పలికేది ‘ఔ’ అని. అక్కడ చాలా నదుల పేర్ల చివర ఈ మాట తగులుతుంది. హ్విటౌ అంటే తెల్లేరు. హిమానీనదాల నుంచి వచ్చే నీళ్లు మట్టి కలిసి పాలలా ఉంటాయి కాబట్టి ఆ పేరు.

‘ఎ’ మీద సున్నా కథ కూడా ఇక్కడిదే. ఆ సున్నా నిజానికి చిన్న ‘ఒ’. రాసేది ‘ఆ’, పలికేది ‘ఓ’ అయిపోయాక, రాసే అక్షరం మీద పలికే అక్షరాన్ని ఎక్కించారు. స్వీడన్‌లో ఇది 16వ శతాబ్దంలోనే వచ్చింది, 1541 నాటి గుస్తావ్ వాసా బైబిలులో ఉంది. నార్వే 1917 లిపి సంస్కరణలో తీసుకుంది. డెన్మార్కు 1948లో గాని ఒప్పుకోలేదు. నార్వే, డెన్మార్కు వర్ణమాలల్లో ఇది చిట్టచివరిది, 29వ అక్షరం. అందుకే మనం ‘అ నుంచి క్ష దాకా’ అనే చోట నార్వేవాళ్లు ‘ఆ నుంచి ఓ దాకా’ అంటారు. వర్ణమాల చివరి అక్షరం పేరున్న ఊరు రోడ్డు చివర ఉండటం కేవలం కాకతాళీయమే గాని ముచ్చటైన కాకతాళీయం. ఆ రోడ్డు రెండో కొస స్వీడన్‌లోని లూలియో పట్నం, సుమారు 850 కిలోమీటర్ల దూరం. లూలియో పేరులో చివరి అక్షరం కూడా ఈ ఏరే. దాని ఇరుగుపొరుగు పట్నాలు ఉమియో, పీతియో, షెలెఫ్తియోలలోనూ అంతే.

డెన్మార్కులో రెండో పెద్ద నగరం ఓర్‌హుస్ కథ మరీ బాగుంటుంది. పాత పేరు ‘ఆరోస్’. ‘ఆర్’ అంటే ఏటి, ‘ఓస్’ అంటే సముద్రంలో కలిసే చోటు. కాకినాడలో ఏటిమొగ తెలిసినవాళ్లకు ఇక వివరించి చెప్పేది ఏమీ లేదు, రెండు పేర్లూ అక్షరాలా ఒకటే. 1948 సంస్కరణ ప్రకారం పేరును సున్నా పెట్టిన కొత్త అక్షరంతో రాయడం మొదలుపెట్టారు. విదేశీయులకు, కంప్యూటర్లకు ఆ అక్షరం ఇబ్బందిగా ఉందని నగర పాలకులు 2010లో ఓటు వేసి, 2011 జనవరి 1 నుంచి మళ్లీ రెండు ‘ఎ’ల పాత పద్ధతికి తిరిగారు. ఈ మార్పు మీద అక్కడ గట్టి వాదనలే నడిచాయి. ఒక అక్షరం కోసం ఊరంతా వాదించుకోవడం నాకైతే ఆరోగ్యకరమైన సంగతిగానే కనిపిస్తుంది. అంతకన్నా మంచి పని ఆ నగరం ఇంకొకటి చేసింది. 1930లలో కార్ల కోసం ఏటిని కప్పేసి పైన రోడ్డు వేశారు. 20వ శతాబ్దం చివర్లో ఆ కప్పు తవ్వడం మొదలుపెట్టి, విడతలవారీగా ఏటిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పేరులో ఉన్న ఏరు ఊళ్లో మళ్లీ కనబడుతోంది.

దక్షిణానికి దిగితే

జర్మన్ భాషలో హకారం అంత తేలిగ్గా చావలేదు. పాత జర్మన్‌లో ‘అహ’ అనేవారు. అది ఊళ్ల పేర్ల చివర ‘ఆఖ్’గా మిగిలింది. మొజార్ట్ పుట్టిన సాల్జ్‌బర్గ్ నగరం మధ్యగా పారే సాల్జాఖ్ పేరుకు ఉప్పుటేరు అని అర్థం. నీళ్లు ఉప్పగా ఉంటాయని కాదు, ఎగువ గనుల ఉప్పు పడవల్లో ఆ ఏటి మీదుగా దిగేది. ఐసెనాఖ్ చివరా అదే. ఫుల్డా పేరులో చివరి ‘ఆ’ కూడా అరిగిపోయిన ‘అహ’యే.

డచ్‌వాళ్లు, ఫ్లెమిష్‌వాళ్లు మిగుల్చుకున్నది వట్టి ‘ఆ’. నెదర్లాండ్స్‌లో ఆ పేరున్న ఏర్లు ఎన్నో. బ్రెడా నగరం పేరు ‘వెడల్పైన ఆ’ నుంచి వచ్చింది. జర్మన్ వర్తకులు, భూస్వాములు బాల్టిక్ తీరానికి వెళ్లినప్పుడు ఈ మాటను వెంట తీసుకెళ్లారు. నేటి లాట్వియాలోని గౌయా నదిని వాళ్లు లివోనియా ‘ఆ’ అనేవారు, లియెలూపెను కూర్లండ్ ‘ఆ’ అనేవారు. స్థానికుల భాషలో ఆ నదులకు సొంత పేర్లుండగానే! లాట్వియా స్వతంత్ర దేశమయ్యాక ఆ అరువు పేర్లు చరిత్ర పుస్తకాలకే పరిమితమయ్యాయి. అలా జరగడమే న్యాయం.

ఇక ఫ్రాన్సు ఉత్తరపు కొసన, ఒకప్పుడు ఫ్లెమిష్ మాట్లాడిన నేలలో, సెంటొమేర్ పట్నం మీదుగా పారి గ్రావెలీన్ దగ్గర సముద్రంలో కలిసే ఒక నది ఉంది. దాని పేరు ‘ఆ’. పదకేళీలు పూరించే ఫ్రెంచివాళ్లందరికీ రోమన్ లిపిలో రెండక్షరాలైన ఈ నది పేరు కంఠతా వచ్చు. ఇక్కడే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఉంది. ఫ్రెంచిలో నీళ్లను ఏమంటారు? ‘ఓ’ అంటారు.

అంటే ఫ్రాన్సులో ‘ఆ’లో పారేది ‘ఓ’. నార్వేలో ‘ఓ’ అంటేనే ఏరు. ఈ రెండు ‘ఓ’లూ ఒకదాని నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నవి కావు. ఫ్రెంచి ‘ఓ’ లాటిన్ ‘అక్వా’ నుంచి వచ్చింది. లాటిన్ ‘అక్వా’, జర్మానిక్ ‘అహ్వో’ అంతకుముందరి ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే మాట నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. లాటిన్‌లో ‘క్వ’ ఉన్న చోట జర్మానిక్ భాషల్లో ‘హ్వ’ వస్తుందన్నది పక్కా నియమం. డెన్మార్కుకు చెందిన రాస్ముస్ రాస్క్ 1818లో, జర్మనీకి చెందిన యాకబ్ గ్రిమ్ 1822లో ఇలాంటి ధ్వని మార్పులను వరసపెట్టి చూపించారు. జానపద కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే ఈ యాకబ్. వేల ఏళ్ల కింద విడిపోయిన రెండు మాటల్లో ఒకటి రోమ్ మీదుగా, ఒకటి ఉత్తర సముద్రం మీదుగా వెళ్లి, తమ దారిన తాము అరిగి చివరికి ఒకే అచ్చు దగ్గర చేరాయి. ఫ్రెంచివాళ్లు మాత్రం ఆ ఒక్క ధ్వనికి మూడు అక్షరాలు రాస్తారు, మూడూ అచ్చులే.

‘అక్వా’ పిల్లలు దక్షిణ యూరప్ అంతటా ఉన్నారు. ఇటలీలో ‘అక్కువ’, స్పెయిన్‌లో ‘అగువ’, కటలాన్‌లో ‘ఐగువ’. మధ్యధరా తీరంలోని ఎగ్-మోర్త్ పేరుకు చచ్చిన నీళ్లని అర్థం, అంటే కదలని మడుగులు. జర్మనీ సరిహద్దులోని ఒక నగరంలో ఈ రెండు శాఖలూ కలుస్తాయి. వేడినీటి బుగ్గలున్న ఆ ఊరిని జర్మన్లు ఆహెన్ అంటారు, అది పాత ‘అహ’ తాలూకు మాట. అదే ఊరిని ఫ్రెంచివాళ్లు ‘ఎక్స్’ అంటారు, అది ‘అక్వా’ తాలూకు మాట. షార్లెమేన్ చక్రవర్తి రాజధాని అది.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక చెప్పాలి. రొమేనియాలో నీళ్లను ‘ఆప’ అంటారు. వినగానే సంస్కృతంలోని ‘ఆపః’ గుర్తొచ్చి, చూశారా అంతా ఒకటే అని సంబరపడాలనిపిస్తుంది. తొందర కూడదు. లాటిన్ ‘క్వ’ రొమేనియన్‌లో ‘ప’ అవడం మామూలు. లాటిన్‌లో నాలుగుకు ‘క్వాత్తువోర్’ అంటే వాళ్లది ‘పాత్రు’. అలాగే ‘అక్వా’ ‘ఆప’ అయింది. సంస్కృత ‘ఆపః’కు చుట్టం పారశీక ‘ఆబ్’, అయిదు నదుల పంజాబ్‌లో ఉన్నది అదే. ‘అక్వా’ది వేరే కుదురు అన్నదే నిపుణుల్లో ఎక్కువమంది మాట. పోలిక కనబడినంత మాత్రాన చుట్టరికం కాదు, చుట్టరికం ఉన్నచోట పోలిక ఉండి తీరాలనీ లేదు. ‘అక్వా’కూ నార్వే ‘ఓ’కూ చూపుకు ఏమైనా పోలిక ఉందా?

‘ఓ’ అన్న ప్రతి చోటా ఏరే అనుకోవడమూ పొరపాటే. నార్వే భాషలో క్రియ ముందు వచ్చే చిన్న మాట కూడా ‘ఓ’యే, ‘చేయడం’, ‘ఉండటం’ లాంటి రూపాలకు ముందు చేరుతుంది. ఆశ్చర్యానికీ ‘ఓ’ అంటారు. స్వీడన్‌వాళ్లు మాటల్లో ‘మరియు’ను ‘ఓ’ అని తేలిగ్గా లాగేస్తారు. ఐస్‌లాండులో ‘ఔ’ అంటే ఏరు, ‘మీద’, ‘నాకు ఉంది’, వాక్యంలో స్థానాన్ని బట్టి ఆడ గొర్రె కూడా. ఇవన్నీ వేరువేరు మాటలు, అరిగి ఒకే రూపుకొచ్చినవి. ఐస్‌లాండు పిల్లలు ఈ ఒక్క అచ్చునే వరసగా పేర్చి వాక్యాలు కట్టి ఆడుకుంటారు. స్వీడన్‌లో వర్మ్‌లాండ్ మాండలికంలో ‘ఏట్లో ఒక లంక ఉంది’ అన్న వాక్యాన్ని హల్లే లేకుండా చెప్పొచ్చు. ఆ ప్రాంతపు కవి గుస్తావ్ ఫ్రోడింగ్ దాన్ని ఒక కవితలోకి ఎక్కించడంతో దేశమంతటికీ తెలిసింది.

లంక ప్రస్తావన ఊరికే తేలేదు. స్వీడిష్, డేనిష్ భాషల్లో లంకకు ఉన్న మాట కూడా ఒక్క అచ్చే. అది ‘అహ్వో’ కూతురు. నీటికి సంబంధించినది, నీళ్లు చుట్టిన నేల అని దాని మొదటి అర్థం. జెర్సీ, గెర్న్సీ, ఆర్క్నీ దీవుల పేర్ల కొసన ఉన్న ‘ఈ’ అదే. స్కాండినేవియా అన్న పేరులో చివరి సగం కూడా ఆ మాట నుంచి వచ్చిందే. ఇంగ్లీషు ‘ఐలాండ్’ మొదటి భాగమూ అదే. దాని మధ్య పలకని ‘ఎస్’ ఎందుకుందని బడిపిల్లలు అడుగుతుంటారు. లాటిన్ నుంచి వచ్చిన ‘ఐల్’కు ఇది చుట్టమని తప్పుగా అనుకున్న పండితులు ఇరికించిన అక్షరం అది. వందల ఏళ్లుగా పిల్లలు ఆ పొరపాటునే బట్టీపడుతున్నారు.

ఇంగ్లీషువాళ్లు ఏటిని మాత్రం పోగొట్టుకున్నారు. పాత ఇంగ్లీషులో ‘ఏఅ’ అని ఉండేది. ఫ్రెంచి నుంచి ‘రివర్’ వచ్చాక అది వాడుక నుంచి జారిపోయింది. థేమ్స్ ఒడ్డున ఆరో హెన్రీ 1440లో పెట్టిన ఈటన్ బడి పేరులో ఉన్నది ఆ ‘ఏఅ’యే, ఏటి పక్క పల్లె అని అర్థం. లింకన్‌షైర్ పల్లపు నేలల్లో కొన్ని కాలువలను నేటికీ ‘ఈ’ అంటారు. రాసేటప్పుడు మాత్రం ఫ్రెంచి ‘ఓ’ స్పెల్లింగు రాస్తారు! ఫ్రెంచి చదువుకున్న గుమాస్తాలు ఊరివాళ్ల మాటను విని, తమకు తెలిసిన నీటి మాటగా దిద్ది రాసేశారు. నిఘంటువులు వదిలేసిన మాటను ఊళ్ల పేర్లు కాపాడతాయనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

చేపల ఊరు

లోఫోటెన్‌లోని ‘ఓ’కు తిరిగి వస్తే, ఊరికి పేరిచ్చింది ఏరైనా అన్నం పెట్టింది సముద్రమే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఇటు వలస వస్తాయి. వాటిని ‘స్క్రై’ అంటారు. పట్టిన చేపల తలలు తీసి, రెండేసి తోకలు కలిపి కట్టి, ‘యెల్’ అనే కర్ర పందిళ్ల మీద ఆరవేస్తారు. ఉప్పు వెయ్యరు. వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఇంత ఉత్తరాన కూడా చలికాలం సున్నా డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. చేప గడ్డకట్టి పాడవదు, ఈగలు ముసరవు. వేసవి మొదలయ్యేసరికి కర్రలా ఎండిన చేప తయారు. ఈ ఎండుచేపకు ఇటలీలో పెద్ద గిరాకీ. 1432లో వెనిస్ వర్తకుడు పియెత్రో క్వెరీని ఓడ పగిలి రోస్ట్ దీవికి కొట్టుకొచ్చి, ఆ రుచిని వెంట తీసుకెళ్లాడని చెబుతారు. ఎండిన తలలు నైజీరియాకు వెళతాయి, అక్కడ పులుసుల్లో వాడతారు.

ఊళ్లో సగం ఇప్పుడు మ్యూజియమే. 1844 నాటి రొట్టెల బట్టీ ఇంకా వెలుగుతోంది, దాల్చినచెక్క బన్నులు అమ్ముతారు. చేప కాలేయం నుంచి నూనె తీసిన పాత కార్ఖానా ఉంది, మనం మందుల దుకాణంలో కొనే కాడ్ లివర్ నూనె ముందుతరం అది. నీళ్ల మీదికి కర్ర కాళ్లతో నిలబడ్డ ఎర్ర రంగు ఇళ్లను ‘రోర్బు’ అంటారు. తెడ్డు వేసుకుంటూ వచ్చిన జాలర్ల వసతి ఇళ్లవి. అప్పట్లో ఆస్తి అంతా ఊరి యజమానిది, జాలరి ఆయన గదిలో ఉండి ఆయనకే చేప అమ్మాల్సి వచ్చేది. ఆ అందమైన ఎర్ర ఇళ్లు చూసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. ఇప్పుడవి పర్యాటకుల బసలు. కిట్టివేక్ అనే సముద్రపక్షులు కిటికీల గట్ల మీదే గూళ్లు కడతాయి, వేసవంతా ఊరు వాటి అరుపులతో నిండి ఉంటుంది. దీవి దక్షిణపు కొస దాటితే మోస్క్‌స్త్రౌమెన్ సుడులు. 1539 నాటి ఓలావుస్ మాగ్నుస్ పటంలోనే అవి కనిపిస్తాయి. ఎడ్గార్ అలన్ పో 1841లో వాటి మీదే కథ రాశాడు.

వెళ్లదలచినవాళ్లకు: నార్వేకు షెంగెన్ వీసా చాలు. బోడో నుంచి మోస్కెనెస్‌కు మూడు నాలుగు గంటల ఓడ ప్రయాణం, అక్కడి నుంచి ఊరు ఐదు కిలోమీటర్ల దూరం. అర్ధరాత్రి సూర్యుడు కావాలంటే మే చివర నుంచి జూలై మధ్య లోపు, చేపల సందడి కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లాలి. రోడ్డు ఆగిన చోట వెనుదిరగకుండా సరస్సు దాకా నడిచి వెళ్లండి. ఇంకొక్క మాట. ఆ ఊరి పేరు బోర్డును జ్ఞాపికగా విప్పుకుపోయే పర్యాటకులు ఉన్నారు, ఊరివాళ్లు మళ్లీ మళ్లీ కొత్తది పెట్టుకోవాల్సి వస్తోంది. ఫొటో తీసుకోండి, బోర్డును అక్కడే ఉంచండి.